అలవాటు పడమనే ముందు

కాందిశీకుల మాట వచ్చినప్పుడు మనం మొదట అడిగేది, వాళ్లు ఇక్కడ అలవాటు పడ్డారా అని. భాష నేర్చుకున్నారా, పద్ధతులు తెలుసుకున్నారా, నలుగురిలో కలిసిపోయారా? అడగడంలో తప్పేమీ లేదు. కాని అలా అడగగానే, పరీక్ష రాసేది వాళ్లు, మార్కులు వేసేది మనం అన్న ఏర్పాటు ఒకటి మనకు తెలియకుండానే జరిగిపోతుంది. ఆ ఏర్పాటు న్యాయమైనదేనా అన్నది కాస్త ఆగి చూడవలసిన విషయం.

దూరం వెళ్లనక్కర్లేదు. హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు నుంచి వస్తే బడంగ్‌పేట్. 2019లో మున్సిపల్ కార్పొరేషన్ అయింది; మొన్నటి పొలాలు నేడు వెంచర్లు. ఆ పక్కనే బాలాపూర్. అక్కడి గణేశుడి లడ్డూను 1994లో వేలంలో 450 రూపాయలకు పాడుకున్నారు. 2024లో పాట 30 లక్షలు దాటింది. ఆ అంకెలో భక్తి ఎంతో, పెరిగిన భూముల ధర ఎంతో విడదీసి చెప్పడం కష్టం. ఆ చుట్టుపక్కలే, రాయల్ కాలనీ వంటి చోట్ల, ఖాళీ స్థలాల్లో రేకులు, టార్పాలిన్లు, బొంగులతో వేసుకున్న గుడిసెల్లో మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యా కుటుంబాలు బతుకుతున్నాయి. స్థల యజమానికి అద్దె కడతారు. మగవాళ్లు పాత సామాను ఏరడం, కట్టుబడి పనుల్లో కూలి వంటివి చేస్తారు. చేతిలో ఉండేది ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చిన కార్డు ఒక్కటే.

వాళ్లు రావడానికి కారణం పేదరికం మాత్రమే అయితే ఆలోచన మరోలా సాగేది. 1982లో బర్మా, అంటే నేటి మయన్మార్, తెచ్చిన పౌరసత్వ చట్టం వాళ్లలో అత్యధికులను ఏ దేశానికీ చెందనివాళ్లుగా మార్చింది. 2012లో అరకాన్‌లో, అంటే నేటి రఖైన్ రాష్ట్రంలో, అల్లర్లు జరిగాయి. 2017 ఆగస్టు తర్వాత సైన్యం దాడులతో ఏడు లక్షల మందికి పైగా సరిహద్దు దాటి బంగ్లాదేశ్ చేరారు. ఇల్లు కాలిపోవడం ఒక నష్టం. ఆ ఇల్లు నీది ఎప్పుడూ కాదని రాజ్యమే చెప్పడం వేరొక నష్టం. రెండోదానికి పరిహారం ఎవరు ఇవ్వగలరో ఊహించడం కూడా కష్టమే.

ఇక్కడ తెలుగువాళ్లు మరచిపోయిన ఒక సంగతి ఉంది. మనమూ బర్మా నుంచి పారిపోయి వచ్చినవాళ్లమే. కాకినాడ, విశాఖ, భీమునిపట్నం రేవుల నుంచి ఓడెక్కి రంగూన్ వెళ్లిన కూలీలు అక్కడి రేవును తమ వీపుల మీద నడిపారు. 1931 నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. అక్కడివాళ్లకు మనం ఇష్టమైన అతిథులం కాము. 1930 మేలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే, వాళ్ల స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె ముగిసి బర్మా కూలీలను తీసేయగానే అల్లర్లు చెలరేగి, తెలుగు కూలీలు పెద్ద సంఖ్యలో చనిపోయారు. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక లక్షల మంది భారతీయులు కాలినడకన బయలుదేరారు. కొందరు మణిపూర్ కొండల మీదుగా, కొందరు టౌంగప్ కనుమ దాటి అరకాన్ తీరానికి. అక్కడి అక్యాబ్ రేవు నుంచి ఓడల్లో చిట్టగాంగ్ చేరారు. దారిలో కలరాతో, ఆకలితో వేల మంది పోయారు. ఆ అక్యాబే నేటి సిత్వే. 2012లో రోహింగ్యాలను తరిమిన పట్టణాల్లో అదొకటి. మనవాళ్లు ప్రాణాలు దక్కించుకోవడానికి చేరిన తీరం నుంచే వీళ్లు ప్రాణాలు దక్కించుకోవడానికి బయలుదేరారు.

ఈ పోలిక మనసును కదిలిస్తుంది. అందుకే దాన్ని అనుమానించాలి. మన పూర్వీకులు కష్టపడ్డారు కాబట్టి మనం వీళ్లను ఆదరించాలి అంటే, పూర్వీకులెవరూ ఊరు కదలని మనిషికి ఏ బాధ్యతా లేనట్లేనా? పైగా తేడా ఒకటి ఉంది. మనవాళ్లు తిరిగి వచ్చింది తమది అనిపించుకున్న దేశానికి. బర్మాలో నెవిన్ ప్రభుత్వం 1964లో దుకాణాలు జాతీయం చేశాక వచ్చినవాళ్లకు కాలనీలు, రుణాలు, ఉద్యోగాల్లో కొంత వెసులుబాటు దొరికాయి. బర్మా, శ్రీలంక కాందిశీకుల కోసమే 1969లో కేంద్రం రెప్కో బ్యాంకును పెట్టింది. విశాఖలో బర్మా క్యాంపు పేరు ఇప్పటికీ నిలిచి ఉంది. కనుక జ్ఞాపకం మన బాధ్యతకు పునాది కాజాలదు. అది చేయగలిగిన పని ఇంకొకటి: కాందిశీకుడు అంటే వేరే రకం మనిషి అన్న భ్రమను తొలగించడం. అలవాటు పడడానికి ఏమేమి కావాలో కూడా అది చూపిస్తుంది. అప్పుకు ఒక బ్యాంకు, ఇంటికి ఒక స్థలం, పిల్లలకు ఒక బడి, వీటన్నిటి కంటే ముందు రేపు నిన్ను ఎవరూ వెళ్లిపొమ్మనరన్న హామీ.

ఆ హామీ దగ్గరే మన ప్రశ్న తలకిందులవుతుంది. పదకొండు నెలల అగ్రిమెంటు మీద అద్దెకున్నవాడు గోడకు మేకు కొట్టడానికి కూడా వెనకాడతాడు. ఎప్పుడు పంపించేస్తారో తెలియని మనిషి తెలుగు అక్షరాలు దిద్దుకోవాలని, ఇరుగుపొరుగుతో బంధం పెంచుకోవాలని, పిల్లల చదువు మీద పదేళ్ల ముందుచూపు పెట్టాలని మనం ఆశిస్తాం. భాష నేర్చుకోవడం భవిష్యత్తు మీద పెట్టుబడి. భవిష్యత్తును మన దగ్గరే ఉంచుకుని పెట్టుబడి పెట్టలేదని వాళ్లను నిందించడం హేతువుకు నిలవదు. అయినా పిల్లలు ఉర్దూ, కొందరు తెలుగు మాట్లాడుతున్నారంటే, అది మనం కల్పించిన సౌకర్యం వల్ల కాదని ఒప్పుకోవాలి.

ఇక కలిసిపోవడం. అట్లాంటాలో బతుకమ్మ ఆడితే, డాలస్‌లో పిల్లలకు తెలుగు బడి పెడితే మన పత్రికలు ఫొటోలు వేసి మురిసిపోతాయి. మయన్మార్‌లో మిగిలిన తెలుగువాళ్లు నేటికీ శ్రీరామనవమి చేస్తే సంస్కృతిని కాపాడుకున్నారంటాం. బాలాపూర్ గుడిసెలో తల్లి తన పిల్లకు తన యాసే నేర్పితే మాత్రం వీళ్లు మారరంటాం. ఒకే పనికి రెండు కొలతలు వాడుతున్నామంటే, కొలుస్తున్నది ఆ పనిని కాదేమో.

అభ్యంతరాలను తీసిపారేయడం కూడా సులువే, కాని నిజాయితీ కాదు. పాలమూరు నుంచి వచ్చిన అడ్డా కూలీ అడుగుతాడు: "మాకే దిక్కు లేదు, వాళ్లెందుకు?" ఆ మాటలో స్వార్థం కంటే అనుభవం ఎక్కువ. తక్కువ కూలికి పనిచేసేవాడు పక్కన నిలబడితే అందరి కూలి పడిపోతుంది. అయితే తక్కువకు ఎందుకు ఒప్పుకుంటున్నాడు? ఫిర్యాదు చేయడానికి అతనికి కాగితం లేదు, బ్యాంకు ఖాతా లేదు, ఎవరినీ నిలదీసే ధైర్యం లేదు. అతన్ని అలా ఉంచినంత కాలం పాలమూరు మనిషికీ నష్టమే. లాభపడేది మధ్యలో ఉన్న కాంట్రాక్టరు. భద్రత సంగతీ అంతే. దొంగ కాగితాలు పుట్టించినవాడిని చట్టం శిక్షించాలి, సందేహం లేదు. కాని 2020 గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికల్లో ఆ సమూహమంతా ఒక ప్రచారాంశంగా మారినప్పుడు, నేరాన్ని మనిషి నుంచి తీసి జాతికి అంటించాం. మన మీద అలా చేస్తే ఒప్పుకుంటామా?

విశ్వాసం ఇక్కడ ఏం చేయగలదు? పాతబస్తీ దానధర్మాలు, జకాత్ సొమ్ము ఈ కుటుంబాలకు ఆసరా ఇచ్చాయి. దాన్ని చిన్నచూపు చూసే హక్కు ఏమీ చేయనివాళ్లకు లేదు. అతిథిని దేవుడిగా చూడమనే సంప్రదాయమూ మనకుంది. కాని మతం చూసి చేసే సాయం మతం మారిన చోట ఆగిపోవచ్చు. అతిథి మర్యాదేమో వెళ్లిపోయే అతిథిని దృష్టిలో పెట్టుకున్నది. 1795లో తత్త్వవేత్త కాంట్ కూడా పరదేశికి వచ్చే హక్కును ఒప్పుకున్నాడు, స్థిరపడే హక్కును ఒప్పుకోలేదు. అయితే వెనక్కి పంపితే ప్రాణం పోయేవాడిని తిప్పి పంపకూడదన్నాడు. తానే కాందిశీకురాలైన హానా ఆరెంట్ ఇంకొంచెం లోతుకు వెళ్లింది. దేశం లేని మనిషికి మనిషి కావడం ఒక్కటే అర్హతగా మిగిలినప్పుడు, ప్రపంచానికి ఆ అర్హత సరిపోలేదని ఆమె గమనించింది.

మన చట్టం మనిషి హక్కుకు, పౌరుడి హక్కుకు మధ్య ఊగుతోంది. 1951 శరణార్థుల ఒప్పందంపై భారత్ సంతకం చేయలేదు. అయినా 1996లో చక్మా కాందిశీకుల కేసులో సుప్రీంకోర్టు, జీవించే హక్కు పౌరులకే పరిమితం కాదంది. 2021లో జమ్మూ రోహింగ్యాల కేసులో ఆ హక్కు అందరిదీ అని ఒప్పుకుంటూనే, పంపివేతకు గురికాకుండా ఉండే హక్కు పౌరులదేనంది; పద్ధతి ప్రకారం పంపవచ్చంది. 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ రోహింగ్యా పిల్లల విషయంలో, ముందు ప్రభుత్వ బడులకు వెళ్లండి, చేర్చుకోకపోతే హైకోర్టుకు వెళ్లండి అంది. ఉండవచ్చో లేదో తేలని చోట, ఉన్నంతకాలం ఎలా ఉండాలో మాత్రం కొంత తేలుతోంది.

ఆ కొంత మన చేతిలోనిది. బాలాపూర్‌లో పుట్టిన పిల్ల, తల్లిదండ్రులిద్దరూ రోహింగ్యా కాందిశీకులే అయితే, 2004 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం భారత పౌరురాలు కాదు. మయన్మార్ ఎలాగూ తనది అనదు. ఆమెను బడిలో చేర్చుకోవడానికి హెడ్మాస్టరుకు ఏ కొత్త చట్టమూ అక్కర్లేదు. రాజ్యాంగం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ చదువు ఇమ్మంది, పౌరుల పిల్లలకు అని చెప్పలేదు. కాని పద్నాలుగేళ్లు అంటే తొమ్మిదో తరగతి. ఆ తర్వాత ఇంటర్, స్కాలర్‌షిప్, ఉద్యోగం, ప్రతి మెట్టు మీదా ఒక కాగితం అడుగుతారు. బాగా చదివి, తెలుగులో మంచి మార్కులు తెచ్చుకుని, మనం కోరినట్టే అలవాటు పడిపోయిన ఆ పిల్లకు పదిహేనో ఏట ఏం జవాబు చెప్పాలో మనం ఇంకా ఆలోచించలేదు.