చెయ్యి చేసే నిర్ణయం

భద్రాచలం అడవి అంచు ఊళ్లలో వేసవిలో తునికాకు కట్టలు కట్టేవాళ్ల చేతుల్ని గమనించారా? కట్టకు 50 ఆకులు. కబుర్లు చెప్పుకుంటూనే కడతారు, లెక్క తప్పదు. సెలవుల్లో తల్లి వెంట వెళ్లిన 12, 13 ఏళ్ల పిల్లలకు కూడా కొద్దిరోజుల్లోనే ఆ లెక్క చేతికి పట్టుబడుతుంది. అలవాటు దేవుడిచ్చిన వరం. ప్రతి ఆకు దగ్గరా ఆగి ఆలోచిస్తే పొద్దుగూకినా పని తెమలదు.

అదే అడవిలో మరో అలవాటు ఉంది. ఇప్పపూలు ఏరడానికి ముందు చెట్టు కింది ఎండుటాకులకు నిప్పు పెడతారు. నేల శుభ్రమై పువ్వు బాగా కనబడుతుంది. కాని గాలి తిరిగితే ఆ నిప్పు అక్కడే ఆగదు, చుట్టూ లేత మొక్కలు మాడిపోతాయి. అగ్గిపుల్ల గీసిన పిల్లవాణ్ణి "ఎందుకు పెట్టావురా?" అని అడగండి. "ఎప్పుడూ పెడతాం కదా!" అంటాడు. అది అబద్ధం కాదు. వాడు ఆలోచించలేదు, చెయ్యి నిర్ణయించేసింది.

మరి తప్పు వాడిదేనా? 1992లో వెలువడిన శ్రీసభ సత్యోపదేశ గ్రంథం 1735వ పేరాలో, అలవాటు మనిషి బాధ్యతను తగ్గించవచ్చని, పూర్తిగా తొలగించనూవచ్చని ఉంది. (పిల్లలకు ఈ మాట మహా నచ్చుతుంది!) అయితే అలవాటును ఒకసారి గుర్తించాక, దాన్ని ఉంచుకోవడమా మానుకోవడమా అన్నది మన చేతిలోనే ఉంటుంది. ఆ గుర్తింపు నేర్పవలసిన వయసు ఇదే.

నేర్పడమెలా? చెల్లెల్ని కొట్టిన కొడుకును "ఎందుకు కొట్టావు?" అని గద్దిస్తే, వాడికే తెలియదు కనుక అప్పటికప్పుడు ఓ కారణం అల్లుతాడు. "దానికి ముందు ఏమైంది?" అని అడిగి చూడండి. ఆకలితో ఉన్నాడా? బడిలో ఎవరైనా ఎగతాళి చేశారా? లెక్క రానప్పుడల్లా చెయ్యి ఫోను మీదికి పోతోందా? నాలుగు రోజులు ఓపికగా అడిగితే ఐదోరోజు వాడే చెబుతాడు.

క్షణంలో జరిగిపోయే పనికి ఆ క్షణంలో ఆలోచన అందదు. ముందే అనుకుని ఉండాలి. గోదావరి ఒడ్డువాళ్లకు ఇది తెలిసిన సంగతే. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986లో 75.6 అడుగులు, 2022 జులైలో 71 అడుగులు దాటి వచ్చిన నది అది. నీళ్లు గుమ్మం తొక్కాక లెక్కలు వేసుకునే తీరిక ఎవరికుంటుంది? అలాగే "కోపం వస్తే వాకిట్లోకి వెళతాను", "వాళ్లు సిగరెట్ తీస్తే ఇంటికి వచ్చేస్తాను" అని పిల్లలు తమ గీతను తామే ముందుగా గీసుకోవాలి. మనం గీసిస్తే అది వాళ్లది కాదు.

వాళ్లు తిరిగి "నాన్నా, నీ గీత ఎక్కడ?" అని అడుగుతారు. కసురుకోకండి. ఆ సాయంత్రమే కూర్చుని చెప్పండి.