శనివారం ఉపవాసం ఉండి రక్తం ఇవ్వొచ్చా?

మొన్నటి వీడియో కింద ఒకమ్మాయి అడిగింది: "గురువుగారూ, శనివారాలు ఉపవాసం ఉంటాను. ఆఫీసులో రక్తదాన శిబిరం కూడా శనివారమే పెట్టారు. ఇస్తే వ్రతభంగమా?"

అమ్మా, రెండూ ఒకే రోజు పెట్టుకోకు. ఖాళీ కడుపుతో రక్తం ఇస్తే కళ్లు తిరుగుతాయి. ఆ శనివారం శుభ్రంగా భోంచేసి వెళ్లు. ఏడుకొండలవాడు ఏమీ అనుకోడు, పూచీ నాది.

ఆ రక్తం ఎవరికి వెళ్తుందో తెలుసా? థలసీమియా ఉన్న పిల్లలకి కూడా. వాళ్ల ఒంట్లో రక్తం సరిగా తయారవదు. రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఎక్కించాల్సిందే, అదీ ఏళ్ల తరబడి. ఎక్కించిన కొత్తలో బళ్లో అందరితో పాటు పరిగెడతారు. గడువు దగ్గరపడేకొద్దీ మొహం పాలిపోతుంది, మెట్లెక్కినా ఆయాసం. ఆ రోజు బడి మానేసి ఆసుపత్రి మంచం మీద. పైగా ఎక్కించిన ప్రతి రక్తంతో ఒంట్లో ఇనుము పేరుకుంటుంది. గుండె, కాలేయం పాడవకుండా దానికి వేరే మందులు.

ఎండాకాలం వస్తే కాలేజీలు మూసేస్తారు, శిబిరాలు తగ్గిపోతాయి. పిల్లాడి గడువుకి మాత్రం సెలవుల్లేవు కదా! ఎర్రకణాలు ఎంత జాగ్రత్త చేసినా నిలవుండేది 42 రోజులే. జనవరిలో ఇచ్చింది ఏప్రిల్‌కి ఉండదు.

శిబి చక్రవర్తి కథ అందరికీ తెలుసు. ఎంత గొప్ప త్యాగమో అంటారు. నాకు నచ్చేది ఇంకోటి. మాంసం కోసి తక్కెడలో వేశాడు, పావురం వైపే మొగ్గింది. మళ్లీ వేశాడు. మళ్లీ, మళ్లీ. "నా వంతు ఇచ్చేశాను" అనలేదు. పుట్టినరోజుకి ఒకసారి ఇచ్చి స్టేటస్ పెట్టడం తప్పని అనను, కానీ అది మొదటి ముక్క మాత్రమే. ఆరోగ్యంగా ఉంటే మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. 18 నిండాలి, 45 కిలోలుండాలి, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. ఏకాదశిలాగే క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి.

పెళ్లీడు పిల్లలకి ఇంకోమాట. తల్లిదండ్రులిద్దరూ ఈ జబ్బు జన్యువు మోస్తుంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మోసేవాళ్లకి పైకి ఏమీ తెలియదు. హెచ్‌బీఏ2 అనే రక్తపరీక్ష చేయిస్తే బయటపడుతుంది. ఇద్దరికీ ఉంటే పెళ్లి మానుకోమని కాదు. గర్భం తొలి నెలల్లోనే బిడ్డకి పరీక్ష చేసే వీలుంది, ముందే డాక్టరుతో మాట్లాడుకోండి. జాతకాలు చూడొద్దని నేననను, నేనూ చూస్తాను! ఈ రిపోర్టు కూడా పక్కన పెట్టుకుని చూడండి. ఇంట్లో పెద్దవాళ్లు "పెళ్లికి ముందు రక్తపరీక్షేమిటి, అశుభం" అంటే, గురువుగారే చెప్పారని ఈ వీడియో చూపించండి.