పేరు మారిన వేల్పులు

మా అమ్మ నల్లగొండ నుంచి ఢిల్లీకి ఎప్పుడొచ్చినా ఒక శనివారం గోల్ మార్కెట్ దగ్గరి టీటీడీ గుడికి వెళ్తాం. పోయినసారి మెట్రో దిగి ఆటో అతనితో వేంకటేశ్వర స్వామి గుడి అంటే అర్థం కాలేదు. బాలాజీ మందిర్ అనగానే ఎక్కమన్నాడు. అమ్మ కొంగు సర్దుకుని కూర్చుంది. కాసేపయ్యాక అడిగింది: "మన ఎంకన్నకు ఈడ పేరు గూడ మార్చిండ్రా బిడ్డా?"

ఉత్తరాదివాళ్లు ముద్దుగా అలా పిలుచుకుంటారమ్మా అని ఏదో సర్ది చెప్పాను. అమ్మ ఊరుకుంది గానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. దాన్ని వెంటబెట్టుకునే ఒక ఆదివారం పాపను తీసుకుని జనపథ్ మీది నేషనల్ మ్యూజియానికి వెళ్లాను. పాపకు పన్నెండేళ్లు. గ్రీకు దేవుళ్లంటే ప్రాణం. రిక్ రియార్డన్ నవలలు చదివి ఒలింపస్ కొండ మీది పన్నెండు మందినీ వేళ్ల మీద లెక్కపెడుతుంది. ఉరుముల జ్యూస్, పెళ్లిళ్లను కాచే హేరా, కడలిని, భూకంపాలను గుప్పిట్లో పెట్టుకున్న పోసీడాన్, పంటల తల్లి డిమీటర్, యుద్ధానికీ నేతపనికీ ఒక్కతే దేవత అయిన ఎథీనా. వాళ్ల అలకలు, పగలు, శాపాలు అన్నీ ఆమెకు కంఠతా వచ్చు. ఆ ఉత్సాహాన్ని నేనెన్నడూ తక్కువ చేయలేదు. ఒక్క చింత మాత్రం ఉండేది: మా ఇలవేల్పు ఎల్లమ్మ గురించి పాపకు తెలిసింది పేరొక్కటే.

నాణేల దగ్గర మెనాండర్ వెండి నాణెం ముందు ఆగాం. క్రీస్తుకు ముందు రెండో శతాబ్దంలో పంజాబు ప్రాంతాన్ని ఏలిన యవనరాజు అతను. బౌద్ధులు మిళిందుడు అన్నది ఇతన్నే. నాణేనికి ఒక వైపు రాజు ముఖం, చుట్టూ గ్రీకు అక్షరాలు. రెండో వైపు డాలు పట్టి పిడుగు విసురుతున్న ఎథీనా, ఆమె చుట్టూ ఖరోష్ఠి లిపిలో మహారాజస త్రాతారస మెనంద్రస అని ప్రాకృతం. "నాన్నా, పిడుగు జ్యూస్‌ది కదా, ఎథీనా చేతికెలా వచ్చింది?" అంది పాప. తండ్రి ఆయుధాన్ని పట్టుకునే చనువు దేవతలందరిలోకీ ఆమెకే ఉందని చెప్పాను.

ఈ ఎథీనాకు అల్కిదెమోస్ అని పేరు, అంటే జనాన్ని కాచే తల్లి. అలెగ్జాండర్ పుట్టిన పెల్లా ఊళ్లో కొలిచిన దేవత. అలెగ్జాండర్ తరానికీ మెనాండర్‌కూ నడుమ నూటయాభై ఏళ్లకు పైనే గడిచాయి. మెనాండర్ పెల్లాను కళ్లతో చూసి ఉండే అవకాశం లేదు. అయినా నాణెం మీద వేయాల్సి వచ్చేసరికి తాతముత్తాతల ఊరి వేల్పునే వేయించాడు. అద్దం మీదికి వంగి చాలాసేపు చూశాను. ఢిల్లీ పక్కన వైశాలిలో పుట్టిన నా కూతురు మా ఊరి ఎల్లమ్మ గుడిని రెండుసార్లు చూసింది. ఆమె మనవలు ఒక్కసారైనా చూస్తారో లేదో.

గ్రీకు దేవతలను చదివేటప్పుడు ఇంద్రుడు, వజ్రాయుధం గుర్తుకు రాని తెలుగువాడు ఉండడు. జ్యూస్ అన్న పేరు, వేదంలోని ద్యౌః, రెండూ ఒక్క మూలం నుంచి వచ్చినవేనని భాషాశాస్త్రం ఎప్పుడో తేల్చింది. నన్ను అంతకన్నా ఎక్కువ కదిలించేది వాళ్ల స్థానికత. ఎథీనా ఏథెన్స్‌ది, హేరా ఆర్గోస్‌ది, అపోలో డెల్ఫీ వాడు, ఆర్టెమిస్ ఎఫెసస్ తల్లి. ఊరు చెప్పందే దేవత ఎవరో తెలియదు. మనకూ అంతే. ఏ ఊరి ఎల్లమ్మ, ఏ గుట్ట మీది నరసింహుడు అని అడుగుతాం. అంతగా నేలకు అంటుకున్న దేవుడు వలస ఎలా వెళ్తాడు?

గ్రీకులకు దీనికి ఒక పద్ధతి ఉండేది. కొత్త చోట ఊరు కట్టుకోవడానికి ఓడలెక్కేటప్పుడు తల్లి ఊరి పొయ్యిలోంచి నిప్పు వెంట తీసుకెళ్లేవారు. ఆ పొయ్యికి దేవత హెస్టియా. జ్యూస్‌కు అక్కగారు. ఆమెకు కథలు దాదాపు లేవు, అలిగింది లేదు, ఎవరినీ శపించిందీ లేదు. పూజలో తొలి భాగం మాత్రం ఆమెదే. పాపకు ఆమె అంతగా నచ్చదు, ఏమీ చేయదు కదా అంటుంది. నాకు మాత్రం ఒలింపస్ వాళ్లందరిలో హెస్టియాయే దగ్గరిది. 2011లో వైశాలిలో ఈ ఫ్లాటులోకి దిగిన రోజు అమ్మ ఊరి నుంచి ఇత్తడి గిన్నె, గుప్పెడు కొత్త బియ్యం మూటగట్టి తెచ్చింది. ఖాళీ వంటింట్లో పొయ్యి వెలిగించి పాలు పొంగించింది. తూర్పు వైపుకు పొంగినయి, మంచిదని సంబరపడింది. అప్పటిదాకా అది ఆరో అంతస్తులో నాలుగు గోడలు. ఆ పాలు పొంగాక మా ఇల్లయింది.

మెనాండర్ తరవాత రెండు వందల యాభై ఏళ్లు దాటితే కుషాణ రాజు కనిష్కుడు. క్రీ.శ. 127 ప్రాంతంలో గద్దెనెక్కాడు. అమ్మ అడిగిన ప్రశ్న మళ్లీ నా ముందుకొచ్చింది అతని నాణేల దగ్గరే. అతని తొలి నాణేల మీద తల చుట్టూ కిరణాలతో సూర్యుడి బొమ్మ ఉంటుంది, పక్కన గ్రీకులో హీలియోస్ అని పేరు. కొంతకాలానికి రాజు గ్రీకు భాషను పక్కనబెట్టి బాక్ట్రియా వాళ్ల దేశభాష ఎత్తుకున్నాడు. లిపి గ్రీకుదే, బొమ్మా పాతదే, అవే కిరణాలు, చాచిన అదే చెయ్యి. పేరు మాత్రం మీరో అయింది. ఇరానీయులు మిథ్ర అని కొలిచే దేవుడి పేరది. చంద్రదేవత సెలీనే పేరు పోయి మావో వచ్చింది. కమ్మరి దేవుడు హెఫేస్టస్ ఉన్న చోట అథ్షో అన్న అగ్నిదేవుడి పేరు వచ్చింది. ఆ నాణేన్ని మొదటిసారి చేతిలోకి తీసుకుని పేరు చదువుకున్న గ్రీకు ముసలావిడ ఎవరైనా ఉండి ఉంటే, ఆమె కూడా కొడుకుని మా అమ్మ అడిగినట్టే అడిగి ఉంటుంది.

మొదట నాకిందులో ఊరట కనిపించింది. పేరు మారితేనేం, దేవుడు బతికాడు కదా. బాలాజీ అన్నా ఎంకన్న అన్నా నిలబడ్డది ఆ ఏడుకొండలవాడే కదా. ఇంటికెళ్లి అమ్మకు ఫోన్‌లో ఇదే చెప్పాలనుకున్నాను. గాంధార శిల్పాల దగ్గరికొచ్చేసరికి ఆ ఊరట నిలవలేదు.

గాంధార శిల్పుల చేతిలో బుద్ధుడి వెంట ఒక కండల వీరుడు నడుస్తుంటాడు. పేరు వజ్రపాణి. కొన్ని శిల్పాల్లో అతనికి సింహం తోలు ఉంటుంది, గదను తలపించే వజ్రం చేతిలో ఉంటుంది. ఆ తోలు హెరాక్లీస్‌ది. నెమియా అడవిలో ఏ ఆయుధానికీ లొంగని సింహాన్ని ఒట్టి చేతులతో గొంతు నులిమి చంపి, దాని తోలు కప్పుకున్నవాడు అతను. పిచ్చిలో తన బిడ్డలనే చంపుకుని, ఆ పాపం కడుక్కోవడానికి చేసిన పన్నెండు సాహసాల్లో అది మొదటిది. వజ్రపాణికి చేతులెత్తి మొక్కిన భక్తులకు ఆ సింహం ఎక్కడిదో, ఆ తోలు వెనక ఎంత ఏడుపు ఉందో చెప్పేవాళ్లు మిగల్లేదు. తోలు వచ్చింది, కథ రాలేదు. గ్రీసులో దీనికి తలకిందులుగా జరిగింది. క్రీ.శ. 391, 392లో థియోడోసియస్ చక్రవర్తి పాత దేవతల పూజలను నిషేధించాడు. గుళ్లు మూతపడ్డాయి, ఎథీనా కొలువున్న పార్థెనాన్ తరవాత చర్చి అయింది. కథలు మాత్రం పుస్తకాల్లో బతికి నా కూతురి దాకా వచ్చాయి. అక్కడ కొలుపు పోయి కథ మిగిలింది, ఇక్కడ కొలుపు మిగిలి కథ పోయింది. రెంటిలో ఏది పెద్ద నష్టమో నేను చాలా రోజులు తేల్చుకోలేకపోయాను. ఇప్పుడు నా అభిప్రాయం ఇది: కథ పోవడమే పెద్ద నష్టం. కొలుపు ఆగిన చోట కథ మిగిలి ఉంటే మళ్లీ దీపం పెట్టేవాడు పుట్టొచ్చు. కథ పోయాక మిగిలిన పూజలో దేవుడి ముఖం ఉంటుంది గానీ ఆయన పడ్డ కష్టం ఉండదు.

పేరు వదులుకోని వాళ్లూ ఉన్నారు. అమ్మ వచ్చే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ విదిశ మీదుగా వస్తుంది. ఆ ఊరి పక్కన బెస్‌నగర్‌లో ఒక రాతి స్తంభం ఉంది. క్రీస్తుకు ముందు రెండో శతాబ్దం చివర, తక్షశిల నుంచి యవనరాజు అంతియాల్కిదాస్ పంపగా వచ్చిన దూత వాసుదేవుడికి నిలబెట్టిన గరుడధ్వజం అది. ఆ దూత పేరు హీలియోడోరస్, తండ్రి పేరు డియోన్. హీలియోడోరస్ అంటే హీలియోస్ ఇచ్చినవాడు, మన మాటలో సూర్యదత్తుడు. శాసనంలో తనను భాగవతుడినని రాయించుకున్నాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరును మాత్రం మార్చుకోలేదు. కొత్త దేవుడి ముందు పాత దేవుడి పేరుతోనే నిలబడ్డాడు. అదే దారిలో మథుర వస్తుంది. ఆ శూరసేన దేశంవాళ్లు హెరాక్లీస్‌ను కొలుస్తారని గ్రీకు రాయబారి మెగస్తనీస్ రాశాడు. అతను చూసింది కృష్ణుణ్నే అని చాలామంది పండితుల మాట. తెలియని దేవుణ్ని తెలిసిన పేరుతో పిలవడం మనుషులకు అంత పాత అలవాటు. ఆటో అతన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు.

ఢిల్లీలోనే కాల్కాజీ దగ్గర బాహాపూర్‌లో అశోకుడి శాసనం చెక్కిన బండ ఉంది, 1966లో బయటపడింది. ఈ శాసనమే మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలో కూడా ఉంది. ఇంతకాలం మనుషులతో కలవని దేవతలు ఇప్పుడు కలిశారన్న అర్థం వచ్చే మాట ఆ శాసనపాఠంలో ఉంది. పండితులు దానికి పలు రకాలుగా అర్థం చెబుతారు. నాకైతే అది వలస దేవతలకు రాసిన మాటలా అనిపిస్తుంది. నా చిన్నప్పుడు బడి పిల్లలందరం సాగర్ వెళ్లి లాంచీలో నాగార్జునకొండకు పోయాం. అక్కడ దొరికిన ఇక్ష్వాకుల కాలం నాటి ఒక స్తంభం మీద గడ్డంతో, చేతిలో కొమ్ము పాత్రతో ఒక మనిషి ఉంటాడు. గ్రీకుల మధుదేవత డయోనిసస్‌ను పోలిన రూపమది. కృష్ణ ఒడ్డున అతణ్ని ఏమని పిలిచారో ఎక్కడా రాసి లేదు.

పేరులోనే ఊరిని దాచిపెట్టుకున్న దేవత మనకు ఒకామె ఉంది, సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి. 1813లో హైదరాబాదులో మహమ్మారి చెలరేగినప్పుడు, ఉజ్జయినిలో ఉన్న మనవాడు సురిటి అప్పయ్య అక్కడి అమ్మవారికి మొక్కుకున్నాడని, రోగం తగ్గాక తిరిగొచ్చి ఇక్కడ విగ్రహం నిలబెట్టాడని చెబుతారు. రెండు వందల ఏళ్లు దాటినా ఆమెను ఉజ్జయిని అమ్మగానే పిలుస్తున్నాం. ఎక్కడి నుంచి వచ్చిందో, ఎందుకు వచ్చిందో పేరే చెబుతుంది. ఇప్పుడు లాల్‌దర్వాజ సింహవాహిని అమ్మవారి బోనాలు ఢిల్లీలో తెలంగాణ భవన్‌లో కూడా చేస్తున్నారు. మ్యూజియానికి అది ఎంతో దూరం లేదు. ఒక ఆషాఢంలో అక్కడ డప్పుల మధ్య పాప నా చెయ్యి పట్టుకుని అడిగింది: "నాన్నా, మన ఎల్లమ్మ కథేంటి?"

జమదగ్ని, రేణుక, పరశురాముడు, తెగిన తల దాకా చెప్పగలిగాను. ఆ తరవాతది, మా ఊళ్లో బైండ్లవాళ్లు జమిడిక వాయిస్తూ రాత్రంతా చెప్పే అసలు కథ, నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. హెరాక్లీస్ పన్నెండు సాహసాలను వరుస తప్పకుండా చెప్పే పిల్ల నా ముఖంలోకి చూస్తూ నిలబడింది.

ఢిల్లీలో, నోయిడాలో, గుర్గావ్‌లో ఉన్న తెలుగువాళ్లను ఒకటి అడుగుతున్నాను. పిల్లలు బాలాజీ అంటే అననివ్వండి. ఏడుకొండలు ఎక్కడున్నాయో, ఆయన అప్పు ఎందుకు చేశాడో కూడా చెప్పండి. మీ ఇలవేల్పుది ఏ ఊరో, ఆమెకు ఏం వండి పెడతారో చెప్పండి.

అమ్మకు డెబ్బై ఆరేళ్లు. ఎల్లమ్మ కథ ఆమెకు మొత్తం వచ్చు, నాకు సగమే వచ్చు. వచ్చే నెల ఆమె రాగానే మిగతా సగం కూర్చుని రాసుకుంటాను.