తాలు ఎవరు ఏరాలి?

"పచ్చబొట్టు పాటే లేనప్పుడు అది బాహుబలి ఎట్టా అవుద్ది మామయ్యా?"

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టు. నవంబరు నెల. కొత్త కాయ ఇంకా చేలల్లోనే ఉంది, కొట్టుకొచ్చేదంతా కోల్డ్ స్టోరేజీ సరుకే. మామయ్య అక్కడ గుమాస్తా. అల్లుడు ఇంజనీరింగ్ పూర్తిచేసి ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. 2025 అక్టోబరు 31న వచ్చిన ‘బాహుబలి: ది ఎపిక్’ ఇద్దరూ కలిసే చూశారు. రెండు భాగాలూ కలిపితే ఐదున్నర గంటలకు కాస్త తక్కువ. దాన్ని రాజమౌళి మూడు ముప్పావు గంటలకు కుదించాడు. అవంతిక ప్రేమకథ చాలావరకు ఎగిరిపోయింది, దాంతోపాటు కొన్ని పాటలూ పోయాయి.

"తాలు ఏరేశాడ్రా. ఏరకపోతే రేటు పలకదు."

"తాలు కాయని యార్డులో పారబోస్తారా? వేరే టిక్కీ కట్టి, దాని రేటుకి దాన్ని అమ్ముతారుగా. అయినా అది తాలని తేల్చిందెవరు? నాకు ఎర్రగానే కనపడింది."

"పండించినోడికి ఆపాటి హక్కు లేదా? పాత సినిమాలు రెండూ ఎక్కడికీ పోలేదు, ఇంట్లో కూర్చుని చూసుకో."

"అవి ఉన్నాయి గనకే ఇంత మర్యాదగా మాట్లాడుతున్నా. జార్జ్ లూకాస్ ఏం చేశాడో తెలుసా? 1977 నాటి స్టార్ వార్స్‌ని 1997లో మార్చి మళ్లీ వదిలాడు. మొదటిదాంట్లో హాన్ సోలో ఎదుటోడికి సందివ్వకుండా కాల్చేస్తాడు. మార్చినదాంట్లో ముందు ఆ ఎదుటోడు గ్రీడో కాలుస్తాడు, ఆ తర్వాతే హీరో. కంత్రీవాడు కాస్తా బుద్ధిమంతుడైపోయాడు. ఇక అదే అసలు సినిమా అన్నాడు లూకాస్. ఇదే పెద్దమనిషి 1988లో అమెరికా కాంగ్రెస్ ముందుకెళ్లి, పాత సినిమాలకి రంగులెయ్యడం, వాటిని మార్చడం తప్పని వాదించాడు!"

"రంగుల సంగతి నాకు చెప్పమాక. 1957 మాయాబజార్ 2010లో రంగుల్లో వస్తే మొదటివారమే పోయి చూశా. ఘటోత్కచుడి ముందు లడ్డూలు పచ్చగా మెరుస్తుంటే కడుపు నిండిపోయింది. అట్టాగని నలుపు తెలుపుది తగలబెట్టారా?"

అల్లుడి బాధ అసలు పాట గురించి కాదు. 2015 జులై 10న మొదటి భాగం వచ్చేనాటికి వాడు ఏడో తరగతి. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడో తెలియడానికి 2017 ఏప్రిల్ 28 దాకా ఆగాల్సి వచ్చింది. ఈలోగా ట్యూషన్లో, పెళ్లి పంక్తుల్లో, బస్టాండులో ఎవరికి తోచిన కారణం వాళ్లు చెప్పారు. ఇప్పుడు వాడి చెల్లెలు లేచిన సీట్లోనే మళ్లీ కూర్చుని, పాప్‌కార్న్ అయిపోకముందే జవాబు తెలుసుకుంది.

"ఆ ఎదురుచూపు రీల్లో ఎప్పుడుందిరా? నీలో ఉంది. నీలో ఉన్నదాన్ని రాజమౌళి ఎట్టా కోస్తాడు?"

మంచి దెబ్బే. కానీ ఇందులో సగమే నిజమనిపిస్తుంది నాకు. అక్కడ ఆపాలని నిర్ణయించింది ప్రేక్షకుడు కాదు, దర్శకుడు. ఆపిన చోటు కూడా కూర్పులో భాగమే. తీసేసిన వాటి జాబితాలో పాటలతోపాటు దాన్నీ రాసుకోవాలి.

"సరే, తీసెయ్యడం తప్పంటావు. మరి కలపడమో?" మామయ్య దారి మార్చాడు. "మా రోజుల్లో హాలు బయట పాటల పుస్తకం అమ్మేవాళ్లు. సగం కథ చెప్పి, మిగతాది వెండితెరపై చూడమనేవాళ్లు. తర్వాత వెండితెర నవలలొచ్చాయి, ముళ్లపూడి వెంకటరమణ కూడా రాశాడు. అవి తెర మీదున్న కథనే చెప్పేవి. నీ ఇంగ్లీషు నవలేందో తెర మీద లేనిది చెబుతానంటోంది."

ఆ నవల బాహుబలికి ముందుకథగా ఆనంద్ నీలకంఠన్ రాసిన ‘ది రైజ్ ఆఫ్ శివగామి’. 2017లో వచ్చింది. అందులో శివగామి తండ్రికి రాజద్రోహి అని ముద్రవేసి మాహిష్మతి మరణశిక్ష వేస్తుంది. ఆ రాజ్యాన్ని కూలుస్తానని కూతురు పంతం పడుతుంది. సినిమాలో ఆ రాజ్యం కోసమే కన్నకొడుకుని కాదని బాహుబలిని రాజుగా ప్రకటించిన మనిషి!

"ఇందులో ఏది నిజం మామయ్యా?"

"ఎర్రన కొలువున్న అద్దంకి మనకెంత దూరంరా? నన్నయ అరణ్యపర్వం సగంలో వదిలేస్తే, ఎర్రన మూడు శతాబ్దాల తర్వాత పూర్తిచేశాడు. చేసి, నన్నయ కొలిచిన రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. భారతానికి అనుబంధమైన హరివంశం తెనిగించి తన రాజు ప్రోలయ వేమారెడ్డికిచ్చాడు. ఎవర్ని అడిగాడు? అసలు శశిరేఖ వ్యాసుడి భారతంలోనే లేదు. ఆమె లేకపోతే మాయాబజార్ ఎక్కడిది?"

"ఎర్రన కంపెనీ కాదుగా. స్టార్ వార్స్‌ని కొనుక్కున్న డిస్నీ, 2014లో అంతకుముందొచ్చిన నవలల్లో దాదాపు అన్నిటినీ లెక్కలోంచి తీసేసింది. అట్టమీద ‘లెజెండ్స్’ అని ముద్రేసి పక్కన పెట్టింది. అట్టా కొట్టేసే ఆఫీసు భారతానికి లేదు. మాహిష్మతికి ఉంది. పైగా కలపడం కూడా మనం అనుకున్నంత అమాయకం కాదు. నవల చదివాక శివగామి సింహాసనమెక్కితే నాకు వాళ్ల నాన్న చావే గుర్తొస్తోంది. శివగామిగా రమ్యకృష్ణ అట్టా నటించలేదు."

"నటించలేదని నువ్వెట్టా చెబుతావు?"

"సినిమా తీసేనాటికి నవలే రాలేదుగా!"

మామయ్య దగ్గర దీనికి జవాబు లేదు. నా దగ్గర ఒకటుంది, చిన్నదే. నవల తెరిచేది పాఠకుడే, ఇష్టం లేకపోతే మూసెయ్యొచ్చు. పాతదాన్ని దాచేసి కొత్తదే చూడమంటే ఆ వీలుండదు. రాజమౌళి లూకాస్ దారి పట్టలేదు గనక ఆయనతో నాకు పేచీ లేదు. పచ్చబొట్టు పోయిందని అల్లుడు గొణుక్కుంటే అదీ న్యాయమే.

"ఇంకోటి విను," అన్నాడు అల్లుడు. "ఆ నవలతోనే నెట్‌ఫ్లిక్స్ 2018లో సిరీస్ ప్రకటించింది. దేవ కట్టా, ప్రవీణ్ సత్తారు దర్శకులు. మృణాల్ ఠాకూర్‌ని శివగామిగా పెట్టి కొంత షూటింగ్ కూడా చేశారు. బయటికి మాత్రం రాలేదు."

"తీశారు, ఎవరికీ చూపించలేదు. మరి ఆ శివగామిని ఏ పద్దులో రాయమంటావు?"

"అనామతులో ఉంచు."

"ఎప్పటిదాకా?"