అబద్ధ వాక్కు అంటే అబద్ధం కాదు

వాక్కు సరస్వతీ స్వరూపం అని మన వీడియోల్లో చెప్పుకుంటూ ఉంటాం కదా. మరి జబ్బు వల్ల మాట అదుపు తప్పితే? ఆ మాటని పట్టుకుని మనిషిని తప్పుపట్టొచ్చా?

మానసిక జబ్బుల్లో మాట నిజంగానే మారుతుంది. మేనియాలో ఉన్నవాళ్లు ఎదుటివాళ్లకి సందివ్వకుండా గడగడా మాట్లాడేస్తారు. తీవ్రమైన డిప్రెషన్‌లో ఒక్క ముక్క బయటికి రావడమే కష్టం. స్కిజోఫ్రీనియాలో కొందరికి వాక్యానికీ వాక్యానికీ లంకె తెగిపోతుంది, ఎవరికీ తెలియని కొత్త పదాలు పుడతాయి. నాన్సీ ఆండ్రియాసెన్ అనే అమెరికన్ సైకియాట్రిస్ట్ 1979లో ఇలాంటి మార్పుల్ని రకాలుగా విడదీసి నిర్వచించారు.

మా ఎస్.కోట వైపు ఇలాంటివి చూసి "గాలి సోకింది" అనేవాళ్లున్నారు, "నాటకాలు" అని కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు. చదువుకున్నవాళ్లం మనమేమో భాగవతంలోని జడభరతుణ్ణి తలచుకుని "అవధూతేమో" అంటాం. కానీ జడభరతుడు కావాలనే జడుడిలా ఉన్నాడు. రహూగణ మహారాజు పల్లకీ మోస్తూ, అవసరమైనప్పుడు నోరు విప్పి ఆయనకే తత్వం బోధించాడు. జబ్బుపడ్డ మనిషికి ఆ స్వేచ్ఛ లేదు. ఆ బాధని వైరాగ్యం అనుకుంటే వైద్యం ఆలస్యమవుతుంది, అంతే.

చరక సంహిత ఉన్మాద లక్షణాల్లో అబద్ధ వాక్కుని చెప్పింది. గ్రహాల వల్ల వచ్చే ఉన్మాదాన్ని ఒప్పుకున్నా, దానికీ చికిత్సే చెప్పింది. తెలుగులో అబద్ధం అంటే అసత్యం. ఇక్కడ మాత్రం బద్ధం కానిది, మాటకి మాట ముడిపడనిది అని అర్థం. నా ఉద్యోగ భాషలో చెప్పాలంటే, ప్యాకెట్లు వరస తప్పి వచ్చినంత మాత్రాన అవతల ఎవరూ లేరనుకోం కదా!

కాబట్టి జబ్బులో అన్న మాటని కక్షగా మనసులో పెట్టుకోవడం ధర్మం కాదు. గీత 17వ అధ్యాయం ఎదుటివారిని కలతపెట్టని, సత్యమైన, ప్రియమైన, హితమైన మాటని వాక్కుతో చేసే తపస్సు అంటుంది. ఆ తపస్సు ఇప్పుడు ఆ మనిషి చేయలేరు. వింటున్న మనమే చేయాలి. వెక్కిరించొద్దు, వాదించొద్దు, ఫోన్‌లో వీడియో తీయొద్దు.

మొక్కుంటే పుణ్యగిరి వెళ్లి శివుడికి దండం పెట్టుకోండి. దానికోసం డాక్టర్ని మాత్రం వాయిదా వేయకండి. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. టెలి మానస్ 14416కి ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. వాళ్ల మాట మళ్లీ ముడిపడేదాకా మన మాట తూలకుండా చూసుకుందాం.

శివార్పణం.