విమానపు నూనెయు శ్రావకుని లెక్కయు

కోరాపుట్ కొండల నడుమ సునాబెడ యను పట్టణము కలదు. 1964లో హిందూస్థాన్ ఏరోనాటిక్స్ వారి ఇంజనుల కర్మాగారము అచ్చట నెలకొన్నది. మొదట మిగ్-21 యుద్ధవిమానముల ఇంజనులు అచ్చట తయారైనవి. ఆ విమానములు 2025 సెప్టెంబరులో వాయుసేన నుండి విరమించినవి; ఇప్పుడు సుఖోయ్-30 ఇంజనుల పని సాగుచున్నది. ఆ బజారులో బట్టలో, పప్పుధాన్యములో అమ్ముకొను వర్తకునకు ఇంజనుతో నేరుగా పని లేదు. జీతముల దినమున గల్లా నిండుటయే అతనికిని కర్మాగారమునకును గల సంబంధము.

అయినను ఆ ఇంజనును గూర్చి అతడు తలపోయవలసిన మాట యొకటి యున్నది. యుద్ధవిమానమైనను, ప్రయాణికుల విమానమైనను, త్రాగునది శుద్ధిచేసిన కిరసనాయిలే. పూర్వము రైలుపెట్టెలో రాత్రులు గడపి సరుకుకు పోయిన వర్తకుడు నేడు విశాఖపట్టణమున విమానమెక్కి కొన్ని గంటలలో ముంబయి చేరుచున్నాడు. ప్రొద్దు క్రుంకకమునుపే భోజనము ముగించువాడు, నీరు వడగట్టనిదే త్రాగనివాడు, తాను కూర్చున్న పీట క్రింద ఏమి కాలుచున్నదో అడుగుట లేదు. కిలో కిరసనాయిలు కాలినచో మూడు కిలోలకు పైగా బొగ్గుపులుసు వాయువు పుట్టును. తూకము పెరుగుట వర్తకునకు వింతగా తోచును గాని, గాలిలోని ప్రాణవాయువు వచ్చి చేరుటయే అందుకు కారణము.

ఈ పొగను తగ్గించుటకు వేరొక నూనెను వెదకుచున్నారు. బస్సులను బ్యాటరీలతో నడుపవచ్చును. దూరము పోవు పెద్ద విమానమునకు అది సాగదు, బరువు మోయలేదు. కనుక గింజల నూనె, వాడిన వంటనూనె, కొవ్వు మొదలగువానిని ఉదజని వాయువుతో కలిపి శుద్ధిచేసి, ఆకాశపు చలిలో సున్నకు దిగువ 47 డిగ్రీల వరకును గడ్డకట్టని నూనెగా మార్చుచున్నారు. ఈ రకపు నూనెను సగమువరకు కిరసనాయిలులో కలుపుటకు అనుమతి యున్నది. 2018 ఆగస్టు 27న డెహ్రాడూను నుండి ఢిల్లీకి స్పైస్‌జెట్ వారి విమానము నాలుగవవంతు ఇట్టి నూనెతో ఎగిరినది. అది ఛత్తీస్‌గఢ్ రైతులు పండించిన అడవి ఆముదపు గింజల నుండి తీసిన నూనె. అంతర్జాతీయ విమానములలో 2027 నాటికి నూటికి ఒక పాలు, 2028కి రెండు పాళ్లు, 2030కి అయిదు పాళ్లు కలుపవలెనని భారత ప్రభుత్వము లక్ష్యము పెట్టుకొన్నది. ఐరోపాలో 2025 నుండియే రెండు పాళ్లు తప్పనిసరి.

ఇంతవరకు వినుటకు బాగున్నది. ఏ జీవిని ఎంత బాధించి ఈ నూనె వచ్చినదను ప్రశ్న దగ్గరనే శ్రావకుడు ఆగవలసి వచ్చును.

హేమచంద్రాచార్యులవారు పండ్రెండవ శతాబ్దమున యోగశాస్త్రమునందు శ్రావకుడు విడువవలసిన పదునైదు కర్మాదానములను వివరించిరి. రసవాణిజ్యమను దానిలో మద్యము, తేనెలతోపాటు కొవ్వు అమ్మకము చేరియున్నది. నేటి విమానపు నూనెకు ముడిసరుకులలో పశువుల కొవ్వు ముఖ్యమైన వానిలో నొకటి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థవారి పట్టీలో కిరసనాయిలుకు 89, పశుకొవ్వుతో చేసిన నూనెకు 22.5, వాడిన వంటనూనెతో చేసినదానికి 13.9 అని అంకెలున్నవి. ఒక్కొక్క పాలు శక్తికి ఎన్ని గ్రాముల పొగ యను లెక్క యది. లెక్క తప్పు కాదు. కాని పశువు ప్రాణమునకు ఆ పట్టీలో గడి లేదు. కొవ్వు ఉపసరుకు కాబట్టి దాని ఖాతా కబేళా గడప దాటిన తరువాతనే మొదలగును.

పశువును మాంసమునకే చంపుదురు, కొవ్వు ఎట్లును మిగులును, పారవేయుటకంటె కాల్చుట మేలు కదా యని కొందరు వాదింతురు. ఇది వర్తకము తెలియనివారు చెప్పదగిన మాట. తవుడు చరిత్ర ఏ రైసుమిల్లు యజమానినైనను అడుగవచ్చును. ఊరక ఇచ్చిన తవుడుకు నూనె తీయువారు వచ్చి ధర కట్టిన పిమ్మట అది మిల్లు ఆదాయములో నొక భాగమైనది. ఆ ఆదాయము చూచుకొనియే మిల్లు నడుచును. వ్యర్థమునకు ధర పలికిన దినమున అది సరుకగును. కొవ్వుకు విమానములవారు మంచి ధర యిచ్చినచో కబేళాకు ఒక ఆదాయము పెరిగినట్లే. పైగా నిన్నటివరకు ఆ కొవ్వును కొనిన సబ్బులవారు పామాయిలుకు పోవుదురు. పామాయిలు తోటలకై అడవులు పడును. స్వయముగా చేయుట, చేయించుట, అనుమోదించుట యని హింసకు మూడు ద్వారములు చెప్పబడినవి. కొనుగోలుదారుడు మూడవ ద్వారము దగ్గర నిలిచియున్నాడు.

1983లో దిగుమతియైన పశుకొవ్వు వనస్పతిలో కలిసినదని దేశమంతట అలజడి రేగుట పెద్దలకు జ్ఞాపకమే. ఆనాడు డబ్బాపై ఏమి వ్రాసియున్నదో చూచి జనులు నమ్మిరి. విమానము టిక్కెట్టుపై అదియును ఉండదు. అదనపు సొమ్ము చెల్లించి పచ్చనూనె తీసికొనుడని కొన్ని కంపెనీలు ప్రయాణికుని కోరుచున్నవి. ఆ సొమ్ముకు నూనె వేరొక విమానాశ్రయమున, వేరొక విమానములో పడవచ్చును. చెల్లించినవాని పేర జమ మాత్రము వ్రాయుదురు. నూనె దేనినుండి వచ్చినదో అమ్మకపు ధ్రువపత్రములో ఉండును. ఆ పత్రము ప్రయాణికుని చేతికి రాదు.

అట్లని కిరసనాయిలే శుచియైనదని తలపోయుట ఆత్మవంచన. దాని పొగవలన ఎండలు ముదిరి, వానలు తప్పి, ఎన్ని ఇంద్రియముల జీవులు నశించుచున్నవో ఎవ్వరును లెక్కింపలేరు. గింజ నూనెయు నిర్దోషము కాదు. నువ్వులు, చెరకు, ఆవాలు, ఆముదములను యంత్రమున నలుగగొట్టుట కూడ ఆ పదునైదింటిలో యంత్రపీడనమను పేర నున్నది. కావున సంసారికి అల్పారంభమా, మహారంభమా యను తారతమ్యమే మిగిలినది.

ఈ తారతమ్యమున వాడిన వంటనూనెకు ముందుచోటు ఇయ్యవలెను. దానికై క్రొత్తగా గింజ నలుగదు, భూమి దున్నబడదు. మరల మరల కాచిన నూనెలో చెడు పదార్థములు నూటికి 25 పాళ్లు మించరాదని 2018లో ఆహార భద్రతా సంస్థవారు నియమము పెట్టి, అట్టి నూనెను ఇంధనమునకు మళ్లించు ఏర్పాటును ఆరంభించిరి. 2025లో పానిపట్టు చమురు శుద్ధి కర్మాగారమునకు ఈ నూనెతో విమానపు ఇంధనము చేయుటకు అంతర్జాతీయ ధ్రువపత్రము లభించినది. మిఠాయి, కారపుబూందీ అంగళ్లు నడుపు కుటుంబములు ఇది గమనింపవలెను. నల్లబడిన నూనెను చవుకగా బండివానికి అమ్మినచో అది మరల బజ్జీల మూకుడులోనికే పోవును. క్రొత్త నూనెను వాడిన నూనెగా చూపి ఎక్కువ ధరకు అమ్ము మోసమునకును సందు కలదు. అది అస్తేయవ్రతమునకు సంబంధించిన మాట.

కానుగ సంగతి వేరు. ఆదిలాబాదు ప్రాంతపు పవర్‌గూడ యను చిన్న పల్లెలో గిరిజన స్త్రీలు కానుగ గింజలనుండి నూనె తీసి, డీజిలుకు మారుగా అది వాడుటవలన తగ్గు 147 టన్నుల బొగ్గుపులుసు వాయువు లెక్కను 2003లో ప్రపంచ బ్యాంకుకు 645 డాలర్లకు అమ్మిరి. ఎక్కడనో జరిగిన సమావేశమునకు పోయినవారి ప్రయాణపు పొగకు అది పరిహారమట! ఆ స్త్రీలకు వచ్చిన సొమ్ము న్యాయమైనదే. కాని కర్మకు హుండీ వ్రాసి వేరొకరిచే చెల్లింపించు పద్ధతి జైన సిద్ధాంతమున లేదు.

కోరాపుట్ కొండలలోను ఇట్టి ఆలోచన రాకపోదు. బంజరులో అడవి ఆముదము పండుననిరి. నీరు, ఎరువు లేనిచోట చెప్పినంత గింజ రాలేదు. 2017 నాటికి డీజిలులో అయిదవవంతు గింజల నూనె కలుపవలెనని 2009లో పెట్టుకొన్న లక్ష్యము నెరవేరలేదు. చోళ్లు, వలిసెలు, నాటు వరివంగడములు పండు ఆ నేలను ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ వ్యవసాయ వారసత్వముగా గుర్తించినది. అచ్చటి పొలములో విమానమునకు గింజ నాటినచో కొండవాని గిన్నెలో అంబలి తగ్గును. చెట్టుక్రింద రాలిన కానుగకాయ ఏరుకొనుట వేరు, చోళ్లచేను తీసి తోట వేయుట వేరు.

ఎట్లు చూచినను సరుకు చాలదు. 2024లో ప్రపంచమున కాలిన విమానపు నూనెలో ఈ క్రొత్త నూనె నూటికి ఒక పాలైనను లేదు. ధర రెండు మూడు రెట్లు. కావున ఇంకొక మార్గమును కూడ చూడక తప్పదు. శ్రావకుని గుణవ్రతములలో దిగ్వ్రతము మొదటిది. ఏ దిక్కునకు ఎంతదూరము పోవుదునో ముందుగానే హద్దు పెట్టుకొనుట దాని స్వరూపము. పాదచారులైన సాధుసాధ్వుల మాట యటుంచి, 1980లో ఆచార్య తులసిగారు ఏర్పరచిన సమణ శ్రేణివారికి వాహనప్రయాణమునకు అనుమతి కలదు. ధర్మప్రచారమునకై దూరదేశములకు పోవుట దాని ఉద్దేశము. వర్తకునకును అవసరమైన ప్రయాణములుండును. మచ్చు ముక్క టపాలో తెప్పించుకొనిన చాలునప్పుడు, బేరము టెలిఫోనులో కుదురునప్పుడు, వివాహమునకు ఇంటినుండి ఇద్దరు పోయిన చాలునప్పుడు, తక్కిన ప్రయాణములకు ఏ నూనె పోసినను ఖర్చు ఖర్చే. చాతుర్మాస్యమునకు ముందు వ్రతనియమములు వ్రాసికొను పుస్తకములో, ఏడాదికి ఎన్ని మార్లు విమానమెక్కుదునను పంక్తి ఒకటి వేసికొనుటకు చోటు కావలసినంత యున్నది.