మృగము ముద్రయు గొఱ్ఱెపిల్ల జయమును



మన సంఘములలో పరిశుద్ధ గ్రంథమందలి కడపటి పుస్తకమును గూర్చి రెండు తెగలవారున్నారు. మొదటివారు దానిని తెరువనే తెరువరు. ఘటసర్పము, ఏడు తలల మృగము, అగ్నిగుండము, ఇవన్నియు మనకెందుకని సువార్తలతోను కీర్తనలతోను తృప్తిపడుదురు. రెండవవారు దానిని పంచాంగమువలె చూచుదురు. ఎక్కడ యుద్ధము వచ్చినను, ఎక్కడ భూమి కంపించినను, వ్రేళ్లమీద లెక్కించి, ఇదిగో ఆ దినము వచ్చెననుచుందురు. ఇరువురును ఒక మాట మరచిరి. ఆ గ్రంథము తన మొదటి పుటలోనే, చదువువారిని, వినువారిని, అందలి సంగతులను గైకొనువారిని ధన్యులని పిలుచుచున్నది (ప్రకటన 1:3). మూసిపెట్టిన పుస్తకమును ఎవడును గైకొనలేడు. రాబోవు తేదీల పట్టికయు గైకొనదగినది కాదు. కాబట్టి అది మన నడత కొరకే వ్రాయబడినది. ఏలూరు పేటలోను, తాడేపల్లిగూడెం బజారులోను, కొల్లేటి లంకలలోను బ్రదుకుచున్న మనకు అది నేడేమి చెప్పుచున్నదో ఆలోచింతము రండి.

1. ఎవరికి వ్రాయబడెను?

యోహాను పత్మాసు అను చిన్న ద్వీపమునుండి ఆసియలోని ఏడు సంఘములకు ఈ గ్రంథమును పంపెను. క్రీస్తు శకము 95 ప్రాంతమున, దొమితియను చక్రవర్తి కాలమున ఇది వ్రాయబడెనని అనేక పండితుల అభిప్రాయము. ఆ సంఘములు మన పల్లె సంఘములవంటివే. వాటికి గోపురములు లేవు, ఆస్తులు లేవు. ఇండ్లలో కూడుకొను కొద్దిమంది మనుష్యులు. వారి చుట్టును రోమా సామ్రాజ్యము. పెర్గము పట్టణములో క్రీస్తునకు పూర్వము 29వ సంవత్సరముననే ఔగుస్తు కైసరునకును రోమా దేవతకును గుడి నిలిపిరి. కైసరు ప్రతిమ యెదుట చిటికెడు ధూపము వేసినచో చాలును, పనియు పరువును నిలుచును. వేయనివాడు రాజద్రోహి. అంతిప అను నమ్మకస్థుడు ఆ పట్టణములోనే చంపబడెను (2:13).

అట్టివారికి యోహాను గుర్తులతో వ్రాసెను. దానియేలు చూచిన సింహము, ఎలుగుబంటి, చిరుతపులి వారికి ముందే తెలియును. ఆ మూడును కలిసి ఒక్క మృగమై సముద్రములోనుండి పైకి వచ్చెనని యోహాను చెప్పగానే (13:1, 2), లోకరాజ్యముల క్రూరత్వమంతయు ఒక్కచోట కూడినదని వారు గ్రహించిరి. రోమా అధికారులును సముద్రము మీదనే కదా వారి దేశమునకు వచ్చెడివారు! ఆ గుర్తులు వారిని భయపెట్టుటకు ఇయ్యబడలేదు. చక్రవర్తి వేసికొన్న ధూమ్రవర్ణపు వస్త్రమును తొలగించి, లోపలనున్నది మృగమని చూపుటకే ఇయ్యబడెను. ముసుగు తీయబడిన కీడునకు సగము బలము తగ్గును.

2. ముద్ర అనగా ఏమి?

మన గ్రామములలో అందరును అడుగు ప్రశ్న ఇదియే. వస్తువులమీది గీతల గుర్తు ముద్రయా? 2010లో మొదలైన ఆధారు సంఖ్య ముద్రయా? 2021లో వేసిన కరోనా టీకా ముద్రయా? ఇట్లడుగువారిని చూచి నవ్వకూడదు. తెలియక తమ రక్షణ పోవునేమోయని వారు భయపడుచున్నారు. ఆ భయమును లేఖనమే తీర్చగలదు.

మృగము ముద్రను గూర్చి చెప్పిన తరువాత, అధ్యాయము మారినవెంటనే, గొఱ్ఱెపిల్ల పేరును తండ్రి పేరును నొసళ్లయందు గలవారు కనబడుచున్నారు (14:1). మన బాప్తిస్మమప్పుడు ఆ పేరును ఎవరైనను సూదితో పొడిచిరా? లేదు. అది మనము ఎవరివారమో తెలుపు గుర్తు. రెండవ ముద్రయు అట్టిదే. ఇశ్రాయేలీయులు దేవుని మాటలను చేతికిని కన్నుల నడుమను కట్టుకొనవలెనని మోషే ఆజ్ఞాపించెను (ద్వితీయోపదేశ 6:8). నొసలనగా మన తలంపు. చెయ్యి అనగా మన పని. దేవుని మాట ఉండవలసిన ఆ రెండు చోట్లను మృగము అడుగుచున్నది. అది ఎవడును తెలియక పొందునది కాదు, మ్రొక్కి పొందునది. కాబట్టి కార్డునకును టీకాకును భయపడకుడి.

666 అను సంఖ్యయు అట్టిదే. హెబ్రీ అక్షరములకు విలువలు గలవు. నీరో కైసరు అను పేరును ఆ అక్షరములతో వ్రాసి కూడినచో 666 వచ్చును. కొన్ని పురాతన ప్రతులలో 616 అని యున్నది. ఆ పేరును లాటిను రీతిగా పలికి వ్రాసినచో ఆ సంఖ్యయే వచ్చును. క్రీస్తు శకము 64లో రోమాలో క్రైస్తవులను హింసించినవాడు ఈ నీరో. అతడు చచ్చెను గాని అతని ఆత్మ మరియొక చక్రవర్తియందు లేచెనని సంఘము చూచెను. మన కాలములోను అది లేచును.

అయితే ముద్ర ఆత్మసంబంధమైనదైతే మనకు నష్టమేమియు లేదా? ఉన్నది. ముద్ర లేనివాడు కొనలేడు, అమ్మలేడు అని గదా గ్రంథము చెప్పుచున్నది (13:17). తాడేపల్లిగూడెం ఉల్లి బజారులో ఒక విశ్వాసి కాటా యొద్ద నిలిచెననుకొనుడి. తూకములో కొంచెము నొక్కుమని యజమాని చెప్పెను. ఇతడు నొక్కనన్నాడు. మరునాడు అతనికి పని లేదు. సాయంకాలము ఇంట పొయ్యి ఎట్లు వెలుగును? అక్కడ యోహాను గ్రంథము ఆ యింటి గ్రంథమగును. మృగము మన ప్రాణము నడుగుటకు ముందు మన అన్నము నడుగును.

3. కొల్లేరు చెప్పు సాక్ష్యము

రెండవ మృగము భూమిలోనుండి వచ్చెను. దానికి గొఱ్ఱెపిల్ల కొమ్మువంటి కొమ్ములు, పలుకు మాత్రము సర్పము పలుకు (13:11). కీడు అన్నిమార్లు పండ్లు కొరుకుచు రాదు. మేలు మాటలు పలుకుచు వచ్చును.

మన కొల్లేటిని చూడుడి. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ దేవుడుంచిన పళ్లెమది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చు వరదను తనలో నిలుపుకొని, ఉప్పుటేరు గుండ మెల్లగా సముద్రమునకు పంపును. దూరదేశపు పక్షులు దానికి వచ్చును. ఆటపాక యొద్ద గూడబాతులు పిల్లలను పొదుగును. చేపల చెరువులు మొదట సహకార సంఘముల పేర పేదలకు మేలుగానే వచ్చెను. తరువాత ధనవంతులు గుత్తకు తీసికొనిరి. ఒకని గట్టు చూచి మరియొకడు గట్టు వేసెను. ఏ గట్టును ఒంటరిగా సరస్సును చంపలేదు. ప్రతివాడును, నా గట్టు ఒక్కటియే గదా అనెను. అందరి గట్లును కూడి నీటి త్రోవను మూసెను. 1999లో ప్రభుత్వము ఐదవ కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యముగా ప్రకటించెను. 2002లో రామ్‌సర్ ఒడంబడిక క్రింద కొల్లేరు లోకమంతటికిని ముఖ్యమైన చిత్తడినేలగా ఎంచబడెను. 2006లో గట్లు తెగగొట్టిరి. తరువాత కొన్నిచోట్ల అవి మరల లేచెను. మృగమునకు తగిలిన చావుదెబ్బ మానెనని యోహాను వ్రాయలేదా (13:3)?

2020 డిసెంబరులో ఏలూరులో జరిగినది మీరు మరువలేదు. వందలమంది ఉన్నట్టుండి మూర్ఛిల్లి పడిరి. రోగుల రక్తములో సీసము, నికెలు కనబడెనని ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షలు తెలిపెను. పురుగుమందుల శేషమును గూర్చియు పరిశోధకులు చెప్పిరి. మూడవ బూర ఊదగా నీళ్లు చేదైపోయెనని చదివినవారు (8:10, 11) అది అంత్యదినపు సూచనయని భయపడవచ్చును. కాని బూరలు ఎందుకు ఊదబడెనో కూడ చదువవలెను. మనుష్యులు మారుమనస్సు పొందుటకే (9:20, 21). ఆకాశమువైపు చూచుట మంచిదే. మన పొలములో మనము చల్లుచున్న డబ్బావైపును, మన కాలువలో మనము పారవేయుచున్న దానివైపును చూచుట మారుమనస్సునకు మొదటి మెట్టు. భూమిని నశింపజేయువారిని దేవుడు లెక్క అడుగునని ఆ గ్రంథమే చెప్పుచున్నది (11:18).

4. గొఱ్ఱెపిల్ల ఎట్లు జయించెను?

యోహాను ఒక సింహమును గూర్చి వినెను. తిరిగి చూడగా వధింపబడిన గొఱ్ఱెపిల్ల కనబడెను (5:5, 6). గ్రంథమంతటికిని తాళపుచెవి ఇదియే. దేవుని సింహము గొఱ్ఱెపిల్లయే. మృగమును చంపుటకు మనము మరియొక మృగమైతిమా, గెలిచినది మృగమే. తిట్టునకు తిట్టు, కర్రకు కర్ర, అబద్ధమునకు అబద్ధము తెచ్చినవాడు తన నొసటిమీద ఏ పేరు వ్రాసికొనుచున్నాడు?

అయితే ఊరకుండుట జయమా? కాదు. పరిశుద్ధులు మూడింటిచేత జయించిరి: గొఱ్ఱెపిల్ల రక్తము, తాము పలికిన సాక్ష్యము, ప్రాణమునకు వెనుదీయని మనస్సు (12:11). రక్తము మన పాపమును కడుగును గనుక, కీడు నాలోను ఉన్నదని భయపడక ఒప్పుకొనగలము. సాక్ష్యము కీడును దాని పేరుపెట్టి పిలుచును. మూడవది నష్టమునకు సిద్ధపడును.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు అక్షరములు నేర్చుకొనుచు, తమ యిండ్లను కాల్చుచున్నది సారాయని గ్రహించిరి. వర్ధినేని రోశమ్మ మొదలగువారు దుకాణమునకు అడ్డముగా నిలిచిరి. కత్తి లేదు, ధనము లేదు, నోటిమాటయు కలిసి నిలుచుటయు తప్ప. ఆ నిప్పు జిల్లాలన్నిటికి ప్రాకెను. 1993 అక్టోబరులో సారా నిషేధమును, 1995లో సంపూర్ణ మద్యనిషేధమును వచ్చెను. వారిది సంఘము నడిపిన ఉద్యమము కాదు. అయినను సత్యము పలుకు పెదవులను దేవుడు ఎక్కడనైనను లేపగలడని మనము నేర్చుకొందుము. 1997లో నిషేధము సడలెను. గాయము మరల మానెను. కాబట్టి చట్టము ఒక గట్టువంటిది, హృదయము మారనిచో నీరు మరియొక ప్రక్కనుండి వచ్చును. అట్లని చట్టము వ్యర్థమనకుడి. అధికారము దేవుని పరిచారకుడు కాగలదని పౌలు రోమీయులకు 13వ అధ్యాయములో వ్రాసెను. మృగము కాగలదని యోహాను ప్రకటన 13లో వ్రాసెను. రెండును నిజమే.

ఇంకొక మాట. 2006లో గట్లు తెగినప్పుడు ధనవంతుని చెరువుతోపాటు పేదవాని కూలియు పోయెను. సరస్సును బ్రదికించుట న్యాయమే. ఆ న్యాయములో పేదవాని గంజిని మరచుట న్యాయము కాదు. గొఱ్ఱెపిల్ల మార్గమున నడచువాడు రెంటికొరకును నోరు తెరువవలెను.

5. మన వంతు

లవొదికయ సంఘము హింసపొందలేదు. తనకేమియు కొదువలేదనుకొని నులివెచ్చగా నుండెను (3:16, 17). మనకు నేటి అపాయము అదియే. కావున చదువరీ, ఈ ఆదివారము ఆరాధనకు వెళ్లకముందు నీ చెయ్యి చూచుకొనుము. అది ఎవరి తూకమును నొక్కుచున్నది? ఏ నీటిలో విషము కలుపుచున్నది? ఓటునకిచ్చిన నోటు అందుకొన్నదా? తరువాత నీ నొసలు చూచుకొనుము. ప్రక్క పేటవానిని తక్కువవాడని తలంచుచున్నదా? ప్రభువు బల్లయొద్దకు వచ్చుచు, కులమును చెప్పులతోపాటు వాకిట విడిచి, మరల పోవునప్పుడు తొడుగుకొనుచున్నదా?

ఇది ఒక్కనివలన కాదు. గుర్రపుడెక్కను ఒకడు ఒక దినము తీసినచో మరుసటి వారమునకు మరల కమ్మును. ఊరంతయు దిగి వేరుతో లాగవలెను. ఒకని పని పోయినప్పుడు సంఘము వాని పొయ్యి వెలిగించినచో, అమ్మకుండ కొనకుండ జేయు మృగమునకు ఆ యూరిలో బలమేమి మిగులును? విధవరాలి చారెడు బియ్యము అక్కడ జయధ్వజమగును.

కడపటి దర్శనములో మృగము లేదు. స్ఫటికమువలె మెరయు నది, దాని ఒడ్డున జీవవృక్షము, జనములను స్వస్థపరచు ఆకులు ఉన్నవి (22:1, 2). మన కాలువల ఒడ్డున ఆ నది కొరకు కనిపెట్టుచు, అంతవరకు ఈ నీటిని చేదుచేయక కాపాడుదము.

ప్రభువా, మా చేతులను మా తలంపులను నీ పేరుతో ముద్రించుము. మృగమునకు మ్రొక్కని మోకాళ్లను, గొఱ్ఱెపిల్లవలె సహించు హృదయమును, సత్యము పలుకు నోటిని మాకు దయచేయుము. ఆమేన్.